తల్లి పేరు లేని కార్డు

కొత్త కార్డు అందమైన వస్తువే, కాదనను. పాతది పిండిరంగు అట్టముక్క. ప్లాస్టిక్ తొడుగు అంచులు విడిపోయి, చలికాలంలో పెదవులు పగిలినట్టుండేది. కొత్తది నున్నగా, నీలంగా, వేలి కింద జారిపోతుంది. మా విశ్వవిద్యాలయం ప్రధాన కార్యదర్శి డాక్టర్ రెనాన్ ఉర్కిది ఆ నమూనాను రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, సమావేశంలో కూర్చున్న అందరి ముఖాల ముందూ తిప్పాడు.

"చూశారా, ఎంత తేలిగ్గా ఉందో. ఎందుకంటే ఒక వరుస తీసేశాం."

ఆయన తీసేసిన వరుస తల్లి ఇంటిపేరు.

బొలీవియాలో పుట్టినవాడికి తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు వెనక. పురిటి మంచం నుంచి సమాధి పలక దాకా ఆ రెండూ కలిసే నడుస్తాయి. ఉర్కిదిగారికి అది మోటుగా కనిపించింది. "పెద్ద దేశాల్లో ఎవరూ రెండు ఇంటిపేర్లు మోసుకు తిరగరు. ఫోటో పెద్దది కావాలంటే ఏదో ఒకటి పోవాలి," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "కార్డుల విభాగం మీది. ఎలా ఉంది బాసిలియాగారూ?"

ఆ విభాగానికి పెద్దను నేనే. మా పీఠభూమి మీద కళ్లు మూసుకుని రాయి విసిరితే మామాని మీద పడుతుంది, గురి తప్పితే కిస్పె మీద పడుతుంది. మా దగ్గర చదివే పిల్లల్లో సగంమందివి ఆ రెండు ఇంటిపేర్లే. ఒక మామానిని ఇంకో మామాని నుంచి వేరు చేసేది వాడి అమ్మ. ఆ వరుస తీసేస్తే ఏమవుతుందో బల్ల కింద పడుకున్న కుక్కకైనా తెలుసు. ఉర్కిదిగారికి మాత్రం తట్టలేదు. జీవితమంతా తన తల్లి పేరును దాచుకుంటూ బతికినవాడికి, ఆ పేరుకో పని ఉంటుందని ఎలా తడుతుంది.

"చాలా బాగుంది డాక్టర్‌గారూ," అన్నాను.

పక్కన కూర్చున్న నా సహాయకుడు వాల్తెర్ బల్ల కింద నా కాలు తొక్కాడు. బయటికి రాగానే వసారాలో పట్టుకున్నాడు.

"మేడమ్, మతి పోయిందా మీకు? ఒక్క ఎద్విన్ మామానీలే బస్సు నిండా ఉన్నారు మన దగ్గర."

"తెలుసు."

"మరి చెప్పరేం?"

"వండినవాడే తినాలి వాల్తెర్. మనం వడ్డిద్దాం."

అతను నా ముఖంలోకి వింతగా చూసి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. మూడేళ్లుగా నా కడుపులో ఏముందో వాడికి తెలియదు. నేనెవరికీ చెప్పలేదు.

డాక్టర్ రెనాన్ ఉర్కిది మా మేనత్త కొడుకు.

మా అత్త ఇలారియా యుక్ర. గనిలో పనిచేసిన ఇంజనీరు ఒకాయన ఆమె కొడుక్కి ఉర్కిది అనే పేరిచ్చి, మర్నాడు రైలెక్కాడు. ఆ తర్వాత ఆయన నీడ కూడా ఈ ఊళ్లో పడలేదు. ఆ పేరును నిలబెట్టింది అత్త. విశ్వవిద్యాలయం పెద్ద గేటు ముందు అపీ అమ్మేది. తెల్లారకముందే ఊదారంగు మొక్కజొన్న పిండిని దాల్చినచెక్కతో మరిగించి, పొగలు కక్కే గ్లాసుల్లో పోసేది. పక్కన జున్ను పెట్టి వేయించిన పూరీ, బుడగలా పొంగి. నీళ్లు బకెట్లలోనే గడ్డకట్టే పొద్దుల్లో పిల్లలు ఆ గ్లాసుల కోసం కాదు, ఆ గ్లాసులకు చేతులు ఆనించుకోవడం కోసం వచ్చేవాళ్లు. ఆ అపీ మీదే రెనాన్ లా చదివాడు. అదే విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే ఉద్యోగంలో చేరిన వారం తిరక్కుండా అమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడ బండ్లకు అడ్డంగా ఉంటోందమ్మా. వెనక గేటు దగ్గర పెట్టుకో."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను. వీడు తెప్పను వెనక గేటుకు మార్చాడు. అత్త బల్ల ఎత్తుకుని వెనక గేటుకు వెళ్లింది. అక్కడ ఎండ రాదు, గాలి మాత్రం నేరుగా కొండ మీంచి దిగుతుంది. ఆ గాలే ఆమె ఊపిరితిత్తుల్లోకి దిగింది.

మూడేళ్ల కిందట, ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఆమె పక్క మంచం మీద న్యాయశాస్త్ర విభాగం డీన్‌గారి భార్య ఉంది. ఒక సాయంత్రం రెనాన్ వచ్చాడు, నల్ల కోటు, చేతిలో తోలు సంచీ. డీన్‌గారు అక్కడే ఉన్నాడు. నర్సు మామూలుగానే అడిగింది, "మీరు ఈ పెద్దావిడకి ఏమవుతారు?"

"నేను ఆమె లాయర్‌ని," అన్నాడు రెనాన్.

నేను అత్త కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. అతను డీన్‌గారితో కాసేపు మాట్లాడి, వెళ్తూ వెళ్తూ దుప్పటి అంచు సర్దినట్టు చేసి వెళ్లిపోయాడు. తలుపు మూసుకున్నాక అత్త నన్ను దగ్గరికి రమ్మంది.

"ఏమే బాసిలియా, నా మీద కేసేమైనా నడుస్తోందా?"

నాకు నవ్వొచ్చింది. ఆమే నవ్వించింది మరి. ఆమె కూడా నవ్వింది, నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక, "నడుస్తుంటే ఏమయిందో కనుక్కోవే," అని గోడవైపు తిరిగింది. మళ్లీ మాట్లాడలేదు. ఆమె పోయినప్పుడు ఆ చెయ్యి నా చేతిలో ఉంది.

ఆ చెయ్యి చల్లబడుతుంటే అనుకున్నాను. లాయర్‌నన్న ఆ నోటితోనే ఈమె పేరు పలికించాలి. గదిలో కాదు, పదిమంది మధ్య.

అందుకే నాకు కొత్త కార్డు అంత బాగా నచ్చింది.

కార్డులు పంచిన మర్నాడే భోజనశాలలో మొదలైంది. మా పిల్లలు మధ్యాహ్నం క్యూలో నిలబడరు; చలి. వచ్చినవాడు వచ్చినట్టు కార్డు బుట్టలో వేసి, గోడ వార ఎండలో నిలబడతాడు. వంటల పెద్ద ఎన్‌కార్నా పిన్ని బుట్టలోంచి వరసగా కార్డు తీసి పేరు పిలుస్తుంది. పిలిచినవాడు వచ్చి, పళ్లెమూ కార్డూ తీసుకుపోతాడు. ఏళ్లుగా అంతే. ఆ రోజు నేను కూడా గోడ వార ఎండలోనే ఉన్నాను. చూడాలనిపించింది.

"ఎద్విన్ మామాని," అని పిలిచింది పిన్ని.

గోడ సగం కదిలింది.

"ఒరే, పిలిచింది ఒక పళ్లేనికిరా. ఊరేగింపుకు కాదు."

"ఏ ఎద్విన్ పిన్నీ?"

"నాకేం తెలుసు? ఇందులో మీ అమ్మ లేదుగా."

"ఫోటో చూడు పిన్నీ."

ఆమె కార్డును ఎండకు ఎత్తింది. ఉర్కిదిగారు ఫోటోల మీద నీలపు నీడ వేయించాడు, హుందాగా ఉంటుందని. "ఇదేంట్రా, అందరూ చెరువులోంచి తీసిన శవాల్లా ఉన్నారు," అంది పిన్ని. ముందు వచ్చిన ఎద్విన్ మాంసం ముక్క ఉన్న పళ్లెం పట్టుకుపోయాడు. చివర మిగిలిన ఎద్విన్‌కు ఎండు దుంపల చారు మాత్రం దక్కింది. వాడు ముందు వెళ్లినవాడి కాలర్ పట్టుకున్నాడు. వాళ్లిద్దరినీ విడదీస్తుండగా విల్సన్ కిస్పె అని పిలిచారు, అక్కడ ఇంకో గోడ కదిలింది.

ఆ తర్వాత ఆగలేదు. ఒక ఎద్విన్ పరీక్ష తప్పితే ఆ కబురు ఇంకో ఎద్విన్ ఇంటికి వెళ్లింది. వాళ్ల నాన్న గని నుంచి బస్సెక్కి వచ్చి, తరగతి గది గుమ్మంలోనే బెల్టు తీశాడు. మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లవాడు, "నాన్నా, అది నేను కాదు," అని అరుస్తూ మైదానమంతా పరిగెత్తాడు.

ఇదంతా నవ్వులాట. నవ్వులాట వల్ల డాక్టర్ ఉర్కిది లాంటివాళ్లు పడిపోరు. నాకు కావలసింది కోపం. అది దానంతట అదే నా కిటికీ దగ్గరికి నడిచి వచ్చింది. వ్యవసాయశాస్త్రం చదివే సెనోబియా కిస్పె అనే అమ్మాయి కార్డును చెక్కబల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

"మా అమ్మ ఏం తప్పు చేసింది మేడమ్?"

"ఏమైందమ్మా?"

"నన్ను చదివించడానికి ఆమె దుంపల బస్తాలు మోస్తుంది. నాన్న ఏ ఊళ్లో ఉన్నాడో కూడా నాకు తెలీదు. కార్డు మీద ఆయనున్నాడు. ఆమె లేదు."

నా సొరుగులో నల్ల మార్కర్ ఉంది. తీసి ఆమె ముందు పెట్టాను.

"నీ కార్డు, నీ అమ్మ. రాసుకో."

"తిట్టరా?"

"కార్డు మీద పిచ్చిగీతలు గీయకూడదని ఉంది. అమ్మ పేరు గీత కాదుగా."

ఆమె నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పెద్ద అక్షరాలతో తన పేరు వెనక చోకె అని రాసుకుంది. కార్డు ఆరేదాకా ఊదింది. ఆమె వెళ్లాక ఆ మార్కర్‌కు దారం కట్టి కిటికీకి వేలాడదీశాను. మర్నాటికి నా కిటికీ దగ్గర వరస వసారా చివరిదాకా పాకింది. వారం తిరిగేసరికి ఆ నున్నటి నీలం కార్డులన్నింటి మీదా నల్లటి చేతిరాత: యాంపారా, కోల్కె, తికోన, చోకె. ఊళ్లో బరువులు మోసే తల్లులందరూ ఉర్కిదిగారి అందమైన కార్డు మీద ఎక్కి కూర్చున్నారు. కొందరు లెక్చరర్లు కూడా నా కిటికీ దగ్గరికి వచ్చి, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి, రాసుకుని వెళ్లారు.

పాలకమండలి కూర్చుంది. రెండు పేర్లతో కార్డులన్నీ మళ్లీ ముద్రించాలని తేల్చింది. ఎన్‌కార్నా పిన్ని వంటశాల తరఫున వెళ్లి ఇంకో మాట అంటించి వచ్చింది: "ఆ కార్డుల యంత్రానికి చాల్యా చేయలేదు, అందుకే ఇలా అఘోరించింది." నిజమే. లారీ అయినా, ఇల్లయినా, కొత్తది వచ్చిందంటే నేలతల్లికి సారా పోసి, రంగుకాగితాలు చల్లి, చాల్యా చేయందే మేం ముట్టుకోం. మొదటిసారి అడిగితే, "అవన్నీ పల్లెటూరి తంతులు," అన్నాడు ఉర్కిది. ఈసారి ఎవరూ ఆయన్ను అడగలేదు.

ఆ సాయంత్రం ఆయన నన్ను గదికి పిలిపించి, తలుపు తనే మూశాడు.

"ముందే చెప్పాల్సింది నువ్వు."

"మీరు ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. ఇప్పటికీ బాగానే ఉంది."

"సరే. వాళ్లందరికీ రెండు పేర్లూ వెయ్యి. నాది మాత్రం ఇలాగే ఉండనీ. వచ్చే నెల రెక్టర్ పదవికి పోటీ చేస్తున్నాను, తెలుసుగా."

"పేర్లు పుట్టుక నమోదు నుంచి నేరుగా యంత్రంలోకి దిగుతాయి డాక్టర్‌గారూ. యంత్రానికి ఎన్నికలు తెలీవు."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మాట తగ్గింది.

"నీకు అర్థం కాదు. ఆ మండలిలో కూర్చున్నవాళ్లు యుక్ర అన్న పేరు వింటే నా ముఖం చూస్తారా? ఆ పేరుతో నేను ఈ గది దాకా వచ్చేవాడినా?"

"వాళ్లల్లో సగంమంది ఆమె అపీ తాగి పెరిగినవాళ్లే."

"బాసిలియా." ఇటు తిరిగాడు. "మనది ఒక రక్తం."

మూడేళ్లలో మొదటిసారి అన్నాడు ఆ మాట. నా నాలుక చివర ఒక జవాబు వచ్చి కూర్చుంది. మింగేశాను. మూసిన తలుపు వెనక ఖర్చుపెట్టే జవాబు కాదది.

"శుక్రవారం చాల్యా," అన్నాను. "మొదటి కార్డు మీదే. ఆనవాయితీ."

శుక్రవారం మధ్యాహ్నం యంత్రాన్ని ముంగిట్లోకి తెచ్చి పెట్టారు. మెడలో రంగుకాగితపు దండలు, నెత్తిన కాగితపు పూలు. పెళ్లికి వెళ్తున్న గాడిదలా ఉంది. నిప్పుల మీద లామా కొవ్వూ సాంబ్రాణీ పొగ. భోజనశాల పిల్లలు, లెక్చరర్లు, పాలకమండలి, అందరూ వచ్చారు. పొగ దగ్గర ఎన్‌కార్నా పిన్ని నిలబడింది, చేతిలో సారా గిన్నె. చాల్యాలో వస్తువు యజమాని ముందు తానెవరో నేలతల్లికి చెప్పుకోవాలి. తండ్రివైపూ తల్లివైపూ రెండూ చెప్పాలి. చెప్పకపోతే ఆమె గుర్తుపట్టదు.

"చెప్పు నాయనా," అంది పిన్ని.

"రెనాన్ ఉర్కిది."

ఆయన గిన్నె కోసం చెయ్యి చాపాడు. పిన్ని గిన్నె మీద అరచెయ్యి మూసింది.

"ఇంకా?"

"అంతే."

"తండ్రిని చెప్పావు. మరి నిన్ను కన్నదెవరు, లారీనా?"

వెనకాల పిల్లలు నవ్వారు. ఉర్కిది మండలి పెద్దల వైపు చూశాడు, తేలు కుట్టిన దొంగలా. వాళ్లు గిన్నె వైపు చూస్తున్నారు.

"యుక్ర," అన్నాడు.

"నేలతల్లికి చెముడు నాయనా."

"యుక్ర."

"ఏ యుక్ర?"

గాలికి కాగితాలు గలగలలాడాయి.

"ఇలారియా. ఇలారియా యుక్ర."

వాల్తెర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు జరిగింది నేను అనుకోనిది. గ్రంథాలయం ముసలాయన ఒక అడుగు ముందుకు వేసి, "అపీ ఇలారియానా? వెనక గేటు ఇలారియా కొడుకువా నువ్వు?" అన్నాడు. అతని గొంతులో ఎగతాళి లేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. పిల్లలు అందుకున్నారు. "యుక్ర, యుక్ర," అని ముంగిలంతా ఊగింది. అపీ అమ్ముకునే ఆమె కొడుకు ప్రధాన కార్యదర్శి అయ్యాడంటే వాళ్లకు అది తమ ఇంటి పండగ.

ఉర్కిది ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. సంతకు వచ్చిన బేరగాడు పశువును చూసినట్టు ఆ గుంపును ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. మూడేళ్లు నేను ఊది రాజేసిన పొయ్యి మీద వీడు రొట్టె కాల్చుకోబోతున్నాడని అప్పుడు అర్థమైంది. పిన్ని ఇచ్చిన గిన్నె ఒలికించకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మైకు అందుకున్నాడు.

"అవును, మా అమ్మ అపీ అమ్మింది," అన్నాడు, గొంతు సరిగ్గా వణకాల్సిన చోట వణికింది. "ఈ చేతులను చదివించింది ఆ చేతులే. ఆమె కన్ను మూసినప్పుడు ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది."

ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. సెనోబియా కూడా.

రెండో కార్డు కార్డుల విభాగం పెద్దది, అంటే నాది. పిన్ని నాకు ఇంకో గిన్నె ఇచ్చింది.

"బాసిలియా యుక్ర పోమా," అన్నాను. ముంగిట్లో చప్పట్లు సద్దుమణిగాయి. యుక్ర అన్న పేరు రెండోసారి వినిపించేసరికి అందరూ ఇటు తిరిగారు. నేను సారా నేలమీద ఒలికించాను, తొందరపడకుండా.

"ఇలారియా అత్తా, నీ లాయరు ఇక్కడే ఉన్నాడు. నీ కేసు ఏమయిందో కనుక్కోమన్నావుగా, అడుగుతున్నాను." తల ఎత్తాను. "డాక్టర్, ఏమయింది?"

ముంగిట్లో ఆ మాట అర్థమైనది ఒక్కరికే. ఆ ఒక్కరి చేతిలో మైకు కిందికి వాలింది.

"ఏ కేసు మేడమ్?" అని అడిగింది సెనోబియా.

చెప్పాను. గొంతు పెంచలేదు. పక్క మంచం, నర్సు అడిగిన మాట, ఆయన చెప్పిన జవాబు, అత్త అడిగిన ప్రశ్న, ఆమె నవ్వు, ఆమె దగ్గు, ఆఖరున ఎవరి చెయ్యి ఎవరి చేతిలో ఉందన్నది. మండలిలో కూర్చున్న డీన్‌గారు బూట్ల వైపు చూసుకున్నాడు. ఆయనకు ఆ సాయంత్రం గుర్తొచ్చినట్టుంది. నేను చెప్పడం అయ్యాక, ఇందాక చప్పట్లు కొట్టిన చేతులు ఒక్కొక్కటే జేబుల్లోకి వెళ్లాయి.

"బాసిలియా," అన్నాడు ఉర్కిది, చాలా మెల్లగా. "అప్పుడు నేను..."

మూడేళ్లు నేను ఎదురుచూసిన ముఖం అది. కడుపు నిండా చూసుకున్నాను. జాలి వస్తుందేమోనని వెతుక్కున్నాను కూడా. రాలేదు.

ఎన్‌కార్నా పిన్ని అతనికిచ్చిన గిన్నె వెనక్కి తీసుకుంది. అందులో ఇంకా సారా ఉంది. దాన్ని నేలమీద పొయ్యలేదు. నాలుగడుగులు నడిచి, అంట్లు కడిగే తూములో ఒంపింది.

"ఇది ఆమెకు వద్దట," అంది.

రెక్టర్ పదవికి ఆయన పోటీ చేయలేదు. ఉద్యోగం మాత్రం వదల్లేదు, వదిలితే ఎక్కడికి పోతాడు. పెద్ద గేటు దగ్గర పిల్లలు గుంపుగా ఉంటారని ఇప్పుడు వెనక గేటు నుంచి వస్తున్నాడు. అక్కడ, అత్త బల్ల ఉన్నచోటే, ఇంకో ఆవిడ అపీ పోస్తోంది. నాకు ఆఫీసు తొమ్మిదికి. అయినా పెందలాడే వచ్చి, గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడతాను.

కార్డు ఛాతీ మీద, పేరు బయటికి కనిపించేలా వేలాడదీయాలన్న ఉత్తర్వు ఆయన స్వయంగా ఇచ్చిందే. కింద సంతకం ఆయనదే. అయినా రోజూ కార్డు తిరగేసుకుని వస్తాడు. కాపలా కాసే సెరాపియో ముసలివాడు, ఏమీ ఎరగనట్టు, రోజూ గొలుసు అడ్డం పెడతాడు.

"డాక్టర్‌గారూ, మీ కార్డు తిరగబడింది."

ఆయన నా వైపు చూడకుండా కార్డు తిప్పుకుంటాడు. నేను చదువుతాను, బయటికే. రెనాన్ ఉర్కిది యుక్ర. ఆయన గేటు దాటేదాకా ఆగి, గ్లాసు వేడి తగ్గకముందే తాగేస్తాను.